పొగ తాగని వాళ్ల పొగాకు

మా ఇంటి పిల్లకు సంబంధం కుదిరేటప్పుడు జాతకాలు కాదు, రక్తపరీక్షల ఫలితాలు ఇచ్చిపుచ్చుకోవాలన్న నిబంధన పెట్టినవాణ్ని నేనే. ఆ విషయంలో నాకు ఇప్పటికీ రెండో అభిప్రాయం లేదు. ఏ గ్రహం ఏ ఇంట్లో ఉన్నదో గంటల తరబడి విచారించే పెద్దమనుషులు, పిల్లవాడికి మధుమేహం ఉన్నదా అని ఒక్క మాట అడగడానికి మొహమాటపడతారు. ప్రభుత్వ ఆడిట్ శాఖలో ఉద్యోగ జీవితమంతా గడిపినవాణ్ని కనుక, ఆధారం చూపని దేనినీ అంగీకరించే అలవాటు నాకు లేదు. చూపిన ఆధారాన్ని కాదనే అలవాటు అంతకంటే లేదు. నన్ను ఇబ్బందిపెట్టింది ఈ రెండో అలవాటే.

పిల్ల మా తమ్ముడి కూతురు. తమ్ముడు ప్రకాశం జిల్లాలోని మా నల్లరేగడి పొలంలో పొగాకు పండిస్తాడు. పిల్ల బడి రోజుల నుంచీ మదీనాగూడలో మా ఫ్లాటులోనే పెరిగి, ఇప్పుడు హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తోంది. ఇతరులు రాసిన ప్రోగ్రాములలో తప్పులు వెతకడం ఆమె పని. నా వృత్తిని మా వంశంలో ఒకరైనా కొనసాగిస్తున్నందుకు నేను లోలోపల గర్వపడేవాణ్ని. పైకి మాత్రం, స్నానాల గది దీపం ఆర్పకుండా వెళ్లినందుకు మందలించేవాణ్ని.

ఆమె ఇష్టపడిన అబ్బాయి అదే ఆఫీసులో పనిచేస్తాడు. క్రైస్తవ కుటుంబం. తండ్రి లేడు. తల్లి సర్కారు దవాఖానలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. మూసాపేటలో మెట్రో స్టేషనుకు వెనుక వీధిలో సొంత ఇల్లు. మతం దగ్గర ఎక్కడో ఒకచోట పేచీ వస్తుందని, దానికి సమాధానాలు వరుసక్రమంలో సిద్ధం చేసుకుని వెళ్లాను. ఒక్క సమాధానమూ ఉపయోగపడలేదు. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు, తరువాత చర్చిలో ప్రార్థన, ఆ పైన మన పద్ధతిలో భోజనాలు అని ఆవిడే ఏర్పాట్లు చెప్పేసింది. నేను చెప్పవలసిన మాటలన్నీ నా దగ్గరే మిగిలిపోయాయి.

"సార్, మా ఇంట్ల రెండే రూల్సు," అన్నది ఆవిడ. "ఒకటి, చెప్పులు బైట, వరుసగా. రెండు, పొగ బంద్. బీడీ గాని, సిగరెట్ గాని, జర్దా గాని, ఏదైనా సరే, గడప దాటి లోపటికి రావద్దు."

గోడ మీద భర్త ఫోటో ఉన్నది. ఆవిడ అటువైపు చూడకుండానే చెప్పింది. "బస్సు నడిపిండు. సిగరెట్ మీద సిగరెట్. చివరికొచ్చేసరికి ఊపిరి ఆయన తీసుడు గాదు, నేను తీపిచ్చుడు అయింది. ఇంకొకలకు గా పని చేసే తాకత్ నాకు లేదు."

"మా ఇంట్లోనూ ఎవ్వరూ తాగరండి," అన్నాను నేను. పిల్ల కూడా, "నేను అసలు ముట్టనాంటీ," అన్నది.

"మీ తమ్ముడుగారు ఏం జేస్తరు?"

"వ్యవసాయమండి."

"ఏం పంట?"

ఈ ప్రశ్న రాకూడదనే మా పిల్ల వారం రోజులుగా నాకు జాగ్రత్తలు చెబుతోంది. "పెదనాన్నా, దయచేసి పొగాకు అనకండి. ఆవిడకు ఆ మాట వింటేనే మంట. పెళ్లయ్యాక నేనే మెల్లగా చెబుతాను" అని. అబద్ధం చెప్పడం నా చేత కాదు. అందుకని నిజాన్నే కొంచెం దూరం నుంచి చెప్పాను.

"వాణిజ్య పంటండి."

"అంటే పత్తా?"

"ఆంటీ, బిస్కెట్లు ఏ షాపువి? చాలా బాగున్నాయి," అన్నది మా పిల్ల. సంభాషణ బిస్కెట్ల మీదుగా సురక్షితంగా గట్టెక్కింది.

తిరిగి వస్తూ నా చెప్పుల కోసం వెతుక్కుంటే, నేను వదిలిన తీరు నచ్చక ఆవిడ వాటిని వీధి వైపు ముఖం తిప్పి పెట్టించి ఉంచింది. చెప్పుల విషయంలో నన్ను సరిదిద్దిన మనిషిని నేను జీవితంలో మొదటిసారి చూశాను. ఈ సంబంధం తప్పక జరగాలని ఆ క్షణంలోనే నిశ్చయించుకున్నాను.

రక్తపరీక్షల సంగతి ఆవిడకు నేనే చెప్పాను. ఆవిడ నవ్వి, "పిల్ల మొకం జూస్తేనే తెలుస్తుంది గద సార్. అయినా మీ తృప్తి మీది," అని ఒప్పుకున్నది. మదీనాగూడ సందులోని ల్యాబులో ఉన్న పరీక్షల పథకాలలో అన్నింటికంటే పెద్దదానిని ఎంచుకున్నాను. సగం తనిఖీ తనిఖీ కాదు కదా.

పరీక్షకు ముందు శని ఆదివారాలు పిల్ల ఊరికి వెళ్లింది. ఆకు కోతకు కూలీలు దొరకడం లేదని తల్లి ఫోనులో వాపోతే, సెలవులు రెండూ అక్కడే గడిపి, తెల్లవారుజామునే మంచులో తల్లితో పాటు పొలంలో దిగి ఆకు కోసి వచ్చింది. సోమవారం ఉదయం బస్సు దిగేసరికి ముఖం పాలిపోయి ఉన్నది. కడుపులో తిప్పుతోందన్నది. బస్సు ప్రయాణం అంతేనని చెప్పి, నిర్ణయించిన సమయానికి ల్యాబుకు తీసుకువెళ్లాను.

మరుసటి రోజు ఫలితాలు రెండు ఇళ్లకూ ఒకేసారి ఫోనుల్లోకి వచ్చాయి. అబ్బాయికి అన్నీ సక్రమంగా ఉన్నాయి, ఒక్క విటమిన్ డి తప్ప. హైటెక్ సిటీలో ఎండ ముఖం చూసే ఉద్యోగం ఎవరికీ లేదు కనుక దానిని అభ్యంతరంగా పరిగణించలేదు. మా పిల్లకూ అంతే. చివరి పంక్తికి వచ్చేసరికి మాత్రం నా కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకోవలసి వచ్చింది. రక్తంలో నికోటిన్ ఆనవాళ్లు, పొగాకు వాడకం ఉన్నదని రాసి ఉన్నది. ఎర్ర అక్షరాలలో.

నేను కళ్లజోడు తుడుస్తుండగానే ఫోను మోగింది.

"సార్, పిల్ల సిగరెట్ తాగుతదా?"

"అసంభవమండి."

"రిపోర్టు చెప్తుంది గద."

"రిపోర్టు తప్పయి ఉండవచ్చు."

"పరీక్షలు గావాలన్నది మీరే గద సార్. నేనైతే పిల్ల మొకం జూసి సరే అన్న."

అప్పటికే శుభ్రంగా ఉన్న కళ్లజోడును నేను మళ్లీ తుడిచాను.

"తాగినందుకు గాదు సార్ నా బాధ," అన్నది ఆవిడ గొంతు తగ్గించి. "తాగితే మాన్పిస్త. చానామందిని మాన్పిచ్చిన. గని నా ముందట కూసొని ముట్టనని చెప్పింది. ఆయన గూడ గిట్లనే చెప్పేటోడు. ఆదివారం మీ ఇంటికొస్త. అప్పటికి సంగతేందో తేల్చి పెట్టుండ్రి. తేలకపోతే ఈ ముచ్చట ఇంతటితోని ఇడిసిపెడదాం."

సాయంత్రం పిల్ల ఆఫీసు నుంచి రాగానే హాలులో కూర్చోబెట్టాను. నా భార్య వంటింటి గుమ్మంలో నిలబడింది.

"ఎప్పుడైనా, సరదాకైనా, స్నేహితుల బలవంతం మీదనైనా..." అని మొదలుపెట్టాను.

"లేదు పెదనాన్నా."

"పార్టీలలో?"

"లేదు."

"హుక్కా అని ఏదో ఉంటుందట, మాదాపూర్ వైపు..."

"పెదనాన్నా, మీరు నన్ను అడుగుతున్నారా, తనిఖీ చేస్తున్నారా?"

"రెండింటికీ తేడా ఏమున్నది?"

"ఉంది. అడిగినవాళ్లు సమాధానం వింటారు."

గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నది. లోపలి నుంచి అబ్బాయితో ఫోనులో మాట్లాడుతున్న గొంతు వినిపించింది. తరువాత మాటలు ఆగి ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. నా భార్య నా వైపు చూసిన చూపును వర్ణించడం అనవసరం. పెళ్లయిన మగవారందరూ ఆ చూపు ఎరుగుదురు.

"పిల్ల తాగదు. నాకు తెలుసు," అన్నది.

"ఆధారం?"

"నేను పెంచాను. అదే ఆధారం."

ఇటువంటి ఆధారాన్ని ఏ ఆడిటరూ అంగీకరించడు. గురువారం ఉదయం ఇస్త్రీ చొక్కా వేసుకుని, నిజాంపేటలో మిత్రుణ్ని చూసి వస్తానని చెప్పి, నేరుగా హైటెక్ సిటీకి బయలుదేరాను.

పిల్ల ఆఫీసు ఉన్న అద్దాల భవనానికి ఎదురుగా, ఫుట్‌పాత్ మీద ఒక చాయ్ బండి ఉన్నది. ఆ భవనంలో పనిచేసే వాళ్లంతా గంటకోసారి కిందికి దిగి వచ్చేది అక్కడికే. నేను ఒక చెట్టు మొదలు వెనక్కు జరిగి నిలబడ్డాను. పొగ అక్కడ మబ్బులా నిలిచి ఉన్నది. మా తమ్ముడి బ్యారన్‌లో, అంటే పచ్చి ఆకును వేడిమీద ఆరబెట్టే ఆ ఎత్తైన గదిలో, పొగ గొట్టం గుండా క్రమశిక్షణతో పైకి పోతుంది. ఇక్కడ మెడలో గుర్తింపు కార్డులు వేలాడుతున్న పిల్లల ముక్కులలోంచి, నోళ్లలోంచి నేరుగా వస్తోంది. మా ఊళ్లో ఆడవాళ్లు ఒక్కొక్కటిగా కోసి, కర్రలకు అల్లి, వేడిమీద ఆరబెట్టి, రంగు చూసి విడదీసిన ఆకు చివరికి చేరే చోటు ఇదన్నమాట. ఇంత శ్రమ ఇంత తొందరగా కాలిపోవడం నేను ఏ ఇతర పంటలోనూ చూడలేదు.

చాయ్ బండి యజమాని నన్ను చాలాసేపు గమనించి, చివరికి పిలిచాడు.

"ఏంది సార్, పొద్దుగాల్నుంచి గా చెట్టు కాడ్నే ఉన్నరు. ఇంటర్వ్యూకు వచ్చిండ్రా?"

"నన్ను చూస్తే ఇంటర్వ్యూకు వచ్చినవాడిలా ఉన్నానా?"

"ఏమో సార్. ఇప్పుడు పెద్ద పెద్ద మేనేజర్లు గిట్లనే ఉంటుండ్రు, తెల్ల జుట్టు, ఇస్త్రీ అంగి. ఫికర్ జేయకుండ్రి, వస్తది. జర చాయ్ తాగుండ్రి. సిగరెట్ ఏదియ్యాలె?"

"నేను తాగను."

"ఇంటర్వ్యూ టెన్షన్ల అందరు గట్లనే అంటరు సార్."

చాయ్ తీసుకున్నాను. పక్కనే నిలబడ్డ ఒక యువకుడు, నా ముఖంలో ఏ లక్షణం చూశాడో తెలియదు, "అంకుల్, లైటర్ ఉందా?" అని అడిగాడు.

"లేదు. ఉండకూడదు."

"ఓకే అంకుల్. చిల్."

అంతలో మా పిల్ల ఇద్దరు స్నేహితురాళ్లతో కిందికి వచ్చింది. చెట్టు మొదలు నా వెడల్పుకు సరిపోకపోయినా వెనక్కు జరిగాను. ఒకమ్మాయి సిగరెట్ వెలిగించింది. మా పిల్ల వెంటనే చున్నీతో ముక్కు మూసుకుని, గాలి వాటం చూసుకుని రెండో పక్కకు వెళ్లి నిలబడింది. ఆ రెండో పక్క నేనున్నాను.

"పెదనాన్నా! ఇక్కడేం చేస్తున్నారు?"

"చాయ్ తాగుతున్నాను."

"మీరు చాయ్ తాగరు కదా. అల్సరని చెప్పి రాగిజావ తాగుతారు."

బండి యజమాని కల్పించుకున్నాడు. "మీవోళ్లా మేడమ్? జర మీ కంపెనీల చెప్పుండ్రి. పాపం, పొద్దుగాల్నుంచి పిలుపు కోసం సూస్తుండు."

స్నేహితురాళ్లు పగలబడి నవ్వారు. మా పిల్లకూ నవ్వు వచ్చింది. కానీ నవ్వు సగంలో ఉండగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా కోసం వచ్చారా? నన్ను చూడ్డానికి?" అని, అద్దాల భవనం వైపు వెళ్లిపోయింది. తాగని నా చాయ్ పట్టుకుని నేను అక్కడే నిలబడ్డాను.

ఇంటికి వచ్చి చొక్కా విప్పుతుంటే నా భార్య దగ్గరకు వచ్చి వాసన చూసింది.

"నిజాంపేట మిత్రుడు కొత్తగా సిగరెట్లు మొదలుపెట్టాడా?"

జరిగింది చెప్పాను. ఆవిడ చొక్కాను రెండు వేళ్లతో పట్టుకుని బకెట్లో వేసింది. "ఆ ల్యాబు వాళ్లను రమ్మంటాను. పిల్లకు పెట్టిన పరీక్ష మీకూ పెట్టిద్దాం. ఇప్పుడు ఆధారం కూడా ఉంది కదా."

నేను కళ్లారా చూసిన దానికీ, కాగితం చెప్పిన దానికీ పొంతన కుదరలేదు. ఇక మిగిలింది మా తమ్ముడు. ఫోను చేశాను.

"నా కూతురు సిగరెట్టా?" అన్నాడు. "అన్నయ్యా, నేనే తాగను. ఆకు పండించేవాడికి దాన్ని చూస్తేనే సగం చికాకు, మళ్లా నోట్లో కూడా పెట్టుకోవాలా? నేను వద్దామంటే బ్యారన్ మండుతోంది. వేడి అటూ ఇటూ అయిందంటే ఆకంతా నల్లబడి పోద్ది. దాన్ని పంపుతా. తల్లి చెబితే తల్లి నమ్ముద్ది."

'దాన్ని' అంటే మా మరదలిని. శనివారం తెల్లవారుజామున ఆకు కోసి, ఆ రాత్రి బస్సెక్కి, ఆదివారం ఉదయం మా ఇంటికి వచ్చింది. కాఫీ వద్దన్నది, ఇడ్లీ వద్దన్నది. మజ్జిగ అడిగి తాగింది. సోఫా అంచున కూర్చుని రెండు చేతులూ కొంగు కింద దాచుకున్నది.

"ఆ చేతులకేమిటే ఆ నలుపు?" అని అడిగింది నా భార్య.

"ఆకు బంకక్కా. నిమ్మకాయేసి తోమినా పోలా. మరీ అసయ్యంగా కనిపిస్తందా? పెళ్లివారు చూస్తే ఏమనుకుంటారో."

పెళ్లివారు చెప్పిన సమయానికే వచ్చారు. ఆవిడ చెప్పులు వరుసలో విడిచి, కొడుకు చెప్పులు సర్ది లోపలికి వచ్చింది. నేను సభ ప్రారంభించే ముందే మా మరదలు లేచి నిలబడింది.

"వదినగారూ, మా పిల్ల తాగదండి. దాని ఒంట్లోకి అదెట్టా వచ్చిందో నాకు తెలవదు. కానీ తాగదండి."

దండం పెట్టబోయి చేతులు కొంగులోంచి బయటికి తీసింది. నర్సుగారి చూపు మాటల మీద నుంచి చేతుల మీదికి మారింది.

"గిదేంది వదినా?"

మా పిల్ల నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను. నా భార్య ఇక ఉపేక్షించలేదు.

"పొగాకు బంకండీ. మా మరిది పండించేది పొగాకు."

ఆవిడ మెల్లగా నా వైపు తిరిగింది. "వాణిజ్య పంట అంటిరి గద సార్?"

"పొగాకు కూడా వాణిజ్య పంటేనండి."

అబ్బాయి దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అతని తల్లికి మాత్రం నవ్వు రాలేదు. మా మరదలి చేతుల మీది నుంచి చూపు తిప్పకుండా అన్నది. "నా పెనిమిటి పీల్చింది మీ పొలంలదేనేమో."

మా పిల్ల ముఖం తెల్లబోయింది. నేను ఏదో అనబోయాను. మా మరదలు నన్ను ఆగమన్నట్టు చూసి, తనే చెప్పింది.

"అయ్యుండొచ్చండి. కాదని ఎట్టా అంటాను? మాకు నీళ్లు లేవు. ఆ నేలలో అదొక్కటే నిలబడుద్ది. మధ్యలో శనగేశాం, శనగ కొనేవాడు లేడు. బ్యారన్ కట్టుకున్నాక ఇంక..." అంటూనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని స్నానాల గదిలోకి పరుగెత్తింది.

పెళ్లిమాటలకు వచ్చిన మనిషి అక్కడితో మాయమై, హెడ్ నర్సు లేచి నిలబడింది. వెంట వెళ్లి వీపు నిమిరి, ముఖం కడిగించి, తెచ్చి బాల్కనీ గాలికి కూర్చోబెట్టి, మణికట్టు పట్టుకుని నాడి చూసింది.

"ఎప్పటిసంది గిట్ల?"

"బస్సు పడదండి నాకు."

"బస్సెక్కకముందు ఎట్లుండె?"

"నిన్న కోత కదండీ. కోత రోజు ఇంతే. తల తిరుగుద్ది, వాంతులవుతాయి, నిద్ర పట్టదు. మంచులో తడి ఆకు కోస్తే ఇంకాస్త ఎక్కువ. మజ్జిగ తాగి పడుకుంటే పోద్ది."

"నీ ఒక్కదానికేనా?"

"అందరికీనండి. ఊళ్లో ఆకు కోసే ఆడోళ్లందరికీ. ఆకు మత్తంటాం."

"మొన్న బిడ్డ ఊరికి వచ్చిందని మావోడు చెప్పిండు. గామె గూడ కోసిందా?"

"కోసిందండి. గట్టు మీదే కూలబడింది. పట్నం పిల్లవయ్యావే అని అందరం నవ్వాం."

ఆవిడ మణికట్టు వదిలి, మా పిల్ల వైపు తిరిగి, "నువ్వు ల్యాబుకు పోయింది ఊరికెళ్లి వచ్చిన పొద్దుననే కదా?" అని అడిగింది. అవునన్నట్టు పిల్ల తల ఊపింది.

"లే వదినా. ల్యాబు ఏడున్నది? ఈమెకు గూడ చేపిద్దాం."

ఆ విధంగా మేము ఆరుగురం సందులో ఊరేగింపుగా నడిచి వెళ్లాం. ల్యాబులో కూర్చున్న అమ్మాయి నన్ను గుర్తుపట్టి, "మళ్లీ పెళ్లి సంబంధమా సార్?" అని అడిగింది. అదే సంబంధమని చెప్పాను. సాయంత్రానికి ఫలితం ఇస్తామన్నారు. మధ్యాహ్నం భోజనాలు మా ఇంట్లోనే జరిగాయి. విస్తరిలో ఏది ఎటు వడ్డించాలన్న దానిమీద నాకూ నర్సుగారికీ చిన్న భేదాభిప్రాయం వచ్చి, ఆవిడ మాటే నెగ్గింది. మా మరదలు రెండు ముద్దలు పెరుగన్నం మాత్రం తిన్నది. పిల్ల తల్లి పక్కనే కూర్చుని ఆమె చేతిని తన ఒళ్లో పెట్టుకుని, గోళ్ల చుట్టూ ఉన్న నలుపును తడి గుడ్డతో తుడుస్తూ ఉన్నది. అది పోదని ఆమెకు తెలుసు.

సాయంత్రం ఫలితం వచ్చింది. ఆవిడ నా ఫోను తీసుకుని, చేయి దూరంగా చాచి చదివి, మళ్లీ దగ్గరికి తీసుకుని చదివింది.

"డబ్బా మీద డబ్బా ఊదేటోళ్ల నెత్తురు గిట్లుంటది," అన్నది. "బిడ్డది దీని ముందట ఏం లేదు."

మా మరదలు గుండె మీద చెయ్యి వేసుకున్నది. "నాదా! నేను చుట్ట ముట్టుకుని ఎరగనండి! అక్కా, నువ్వు చెప్పు!"

"ఎరుకే వదినా. నువ్వు ముట్టింది ఆకు. తడి ఆకులకెల్లి ఆ నికోటిన్ విషం చర్మం గుండ నెత్తుర్లకు దిగుతది. దవాఖానల ఇసుంటియి ఇన్న గని, కండ్లతోని సూసుడు ఇదే మొదలు. మా ఆయన పైసలు వెట్టి పీల్చిండు. నువ్వు ఊకెనే పీలుస్తున్నవు."

"అయితే మేమూ తాగుతున్నట్టేనన్నమాట," అన్నది మా మరదలు నెమ్మదిగా. "మా అత్తగారు కూడా తాగే పోయిందేమో. కోత కోతకీ పడిపోయేది. ఆమెది బలహీనత అనుకున్నాం." పోయిన అత్తగారంటే మా అమ్మ. ఆవిడ కోసిన ఆకు మీద చదువుకుని నేను ఆడిట్ ఆఫీసరునయ్యాను. అమ్మ వాంతులకు మేము ఏ కారణమూ అడిగి ఎరగం. ఇంటిలో ప్రతి పనికీ కారణం అడిగే నేను కూడా.

చివరికి మా మరదలే ధైర్యం చేసింది.

"వదినగారూ, మా పంట సంగతి మీకు ముందు చెప్పకపోవటం తప్పే. ఆ తప్పు పెద్దవాళ్లది. మరి మా అమ్మాయి సంగతి ఏమంటారు?"

ఆవిడ సమాధానం చెప్పేలోపు నా ఫోను ఆవిడ చేతిలోనే మోగింది. మా తమ్ముడు. ఆవిడ నొక్కిన చోట స్పీకరు ఆన్ అయింది.

"అన్నయ్యా, దాన్ని బస్సెక్కించావా? గురువారానికి మళ్లీ కోత వస్తంది. మనుషులు దొరకటంలా. ఇంతకీ ఏమన్నారు వాళ్లు?"

"అన్నా, నేను మాట్లాడుతున్న," అన్నది నర్సుగారు.

"ఎవరండీ?"

"మీ వియ్యపురాలిని."

మా పిల్ల చేతిలోని తడి గుడ్డ కింద పడింది. అబ్బాయి దానిని తీయడానికి వంగి, చాలాసేపు లేవలేదు. నా భార్య దేవుడి గది వైపు చూసి, అంతలో నర్సుగారి దేవుడు కూడా ఉన్నాడని గుర్తొచ్చినట్టు కాస్త పైకి కూడా చూసింది.

"అన్నా, ఇంటున్నవా? నీ ఇంటామె ఇయ్యాల రాదు. రేపు రాదు. ఈ వారం మా ఇంట్ల ఉంటది."

"అమ్మా, నమస్కారం. సంతోషం. కానీ ఆకు..."

"ఆకు సంగతే చెప్తున్న. ఇగ మీదికెల్లి మంచు ఆరినంకనే పొలంల దిగాలె. చేతులకు తొడుగులు. నిండు చేతుల అంగీ. ఆకు సంకల వెట్టుకొని మొయ్యొద్దు."

"తొడుగులేస్తే చెయ్యి ఆడదమ్మా. ఆకు చిరుగుద్ది. చిరిగిన ఆకుకు ధర రాదు. మంచు ఆరిందాకా ఆగితే సగం రోజు పోద్ది."

"నీకు పెండ్లి గావాల్నా, ఆకు గావాల్నా?"

మా తమ్ముడు నా మాదిరి కాదు. ఆలోచించి మాట్లాడడు. "రెండూ కావాలమ్మా," అన్నాడు.

ఆవిడ పెదవులు బిగించుకున్నది కానీ నవ్వు ఆగలేదు. "ఎహె, ఆకు బంద్ జెయ్యమంటలేను. అంటే ఇంటవా? నీ నేల నాకు తెల్వది. గని కోసేటోళ్లు మనుషులు. నా బిడ్డను గన్న మనిషి ఈమె. ఈమె బతకాలె."

అవతల బ్యారన్ పొయ్యిలోకి కట్టె ఎగదోసిన చప్పుడు వినిపించింది. తరువాత గొంతు తగ్గించి, "అన్నయ్యా, స్పీకరు తీసెయ్," అన్నాడు. ఫోను నా చేతిలో లేదు. ఉన్నా తీసేవాణ్ని కాదు.

"ఆ తొడుగులు ఏ సైజు తేవాలో కనుక్కో," అన్నాడు. "దాని గాజుల సైజైతే నాకు తెలుసు. రెండుంపావు."

"గాజులు గాదన్నా," అన్నది ఆవిడ. మా మరదలి కుడిచేతిని ఎత్తి, నల్లబడిన ఆ అరచేతికి తన అరచేతిని వేలికి వేలు ఆనించి చూసింది. "నా సైజే. ఏడు నంబరు. నేను తెచ్చిపెడత. మీ దగ్గర కోసే ఆడోళ్లు ఎంతమందో, ఎవరి చెయ్యి ఎంతుంటదో, సూసి చెప్పు."

"అందరికీనా అమ్మా?"

"అందరికి."

మా తమ్ముడు ఫోను చేతిలో పట్టుకునే, బ్యారన్ ముంగిట ఎండిన ఆకును రంగుల వారీగా విడదీస్తున్న ఆడవాళ్లను పిలిచి, అందరూ ఒకసారి చేతులు చాపండని అడగడం మా అందరికీ స్పష్టంగా వినిపించింది. వాళ్లలో ఒకామె, "ఎందుకు మావా, ఈ వయసులో మాకు గాజులు తొడిగిస్తావా?" అన్నది. ఆ నవ్వులలో వాడు లెక్కపెట్టడం మొదలుపెట్టి, రెండుసార్లు తప్పి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.